దాచుకొన్న వెలుగు ఎవరిది?

పేట్ బషీరాబాదునుండి మేడ్చలువైపు పోవు నాగపురపు రహదారిమీద వేసవి సాయంకాలమున నొకసారి నడచి చూచినవారికి మేము వ్రాయబోవునది క్రొత్తగా తోచదు. గాలివాన వచ్చును, కరెంటు పోవును. మరుక్షణమున ఎత్తైన మేడల క్రింద డీజిలు జనరేటర్లు గుఱ్ఱుమని లేచును. లిఫ్టులు కదలును, మెట్లమీద దీపములు వెలుగును. మధ్యతరగతి యిండ్లలో ఇన్వర్టరు కీచుమని యొక ఫ్యానును, రెండు దీపములను నిలుపును. వాని వెనుక సందులలోని రేకుల యిండ్లను మాత్రము చీకటి కమ్ముకొనును. మసీదులో మగ్రిబు నమాజునకు నిలిచినవారు చెమటలో తడియుచుందురు. గుడిలో హారతిపళ్లెమే దీపమగును. ఒక్క నిమిషములో సంఘమునందలి తారతమ్యములన్నియు దీపముల రూపమున బయటపడును. పగలంతయు అందరి కప్పులమీదను సమానముగా కాసిన సూర్యుడు, అస్తమించిన పిదప మాత్రము దాచుకొనగలిగిన వారికే వెలుగిచ్చుచున్నాడు. ఆ దాచుకొను శక్తి ఎవరి చేతిలో నుండవలెనన్నదే నేడు మేము విచారింపదలచిన ప్రశ్న.

దాచుకొనుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. నాలుగు నెలలు కురిసిన వానను సంవత్సరమంతయు సరిపెట్టుటకై కాకతీయులు ఊరూర చెరువులు త్రవ్వించిరి. ఆ చెరువు ఏ యొక్కని సొత్తును కాదు, ఊరందరిది. తూము తీయుటకు, మూయుటకు నీరడి యుండెను. ఏ మడికి ఎంత నీరో కట్టుబాటుండెను. విద్యుత్తునకు బ్యాటరీ అట్టి చెరువు. కప్పుమీది సూర్యఫలకములు వాన. క్రింద నిలిచిన బ్యాటరీ చెరువు. ఎప్పుడు నింపవలెనో, ఎప్పుడు విడువవలెనో తెలిసికొని తూము త్రిప్పు యంత్రబుద్ధి నీరడి. ఈ మూడును గలిసిన కట్టడమునే నేడు స్మార్ట్ భవనమనుచున్నారు. చప్పట్లు కొట్టిన వెలుగు దీపము, మాట చెప్పిన తెరచుకొను తలుపు, ఇవి పిల్లలాటలు. తన ఆదాయమును, తన వ్యయమును తానే లెక్కించుకొని, అవసరము లేనిచోట ఒక దీపమైనను వృథాగా వెలుగనీయని కట్టడమే బుద్ధిగల కట్టడము.

ఇట్టి దృష్టికి హైదరాబాదు వెనుకబడినది కాదు. 2004 జూలై 14వ తేదీని కొండాపురమున సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రమును నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు ప్రారంభించిరి. అమెరికా వెలుపల ఆ దేశపు ‘లీడ్’ పరీక్షలో అత్యున్నతమైన ప్లాటినం శ్రేణిని మొట్టమొదట పొందిన కట్టడ మదియే. అంతకు ఎనుబదియేండ్లకు పూర్వమే, నిజాము పాలనలో, హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్కేంద్రము వెలసినది. 1972లో అది మూతపడువరకు నగరమున దీపములు వెలిగించినది. అంతకును వెనుకకు పోయి గోలకొండను చూడుడు. దిగువ బావులనుండి మోటచక్రములతో నీటిని అంచెలంచెలుగా మీది తొట్లకు చేర్చి, గోడలలోని మట్టిగొట్టముల ద్వారా మహళ్లకు పంచిరి. శక్తిని పైకెత్తి దాచి, వలసినప్పుడు క్రిందికి విడుచుట అప్పుడే యెరిగినవారు మన పూర్వులు. ఇరాను దేశమున చలికాలపు మంచును మట్టిగుమ్మటముల క్రింద వేసవికి దాచిన యఖ్చాలులును, గాలిని పట్టి యింటిలోనికి దింపు బాద్గీరులును ఈ కుటుంబమునకు చెందినవే. కావున ముస్లిము నాగరికతకును, దాచుకొను విద్యకును గల చుట్టరికము నిన్నటిది కాదు.

నేడు ఆ దేశములు ఏమి చేయుచున్నవో తెలిసికొనుట మనకు అవసరము. ఎండ వారికిని మనకును సమానమే. అబుదాబిలో 2019లోనే సోడియం-గంధక బ్యాటరీలను 108 మెగావాట్ల శక్తితో పెక్కుచోట్ల నెలకొల్పిరి. 2025 జనవరిలో అచ్చటి మస్దర్ సంస్థ మరియొక మహోద్యమమును ప్రకటించినది: 5,200 మెగావాట్ల సూర్యఫలకములు, 1 కోటి 90 లక్షల యూనిట్లను దాచగల బ్యాటరీలు, వీని బలముతో రేయింబవళ్లు ఎడతెగక 1,000 మెగావాట్లను ఇచ్చుట. సౌదీ అరేబియాలో ఎఱ్ఱసముద్ర తీరమున నిర్మించిన విహారనగరము దేశపు విద్యుత్తీగలతో సంబంధమే లేక, సుమారు 13 లక్షల యూనిట్ల బ్యాటరీతో తన మేడలను తాను వెలిగించుకొనుచున్నది. చమురు గలవారు సైతము సూర్యుని దాచుకొనుచుండగా, చమురును కొనుక్కొను మనము జనరేటరులో డీజిలు పోసి కాల్చుచున్నాము. ఇంతకు మించిన విపరీతము కలదా?

ఐనను ఆ మేడలను చూచి మురిసిపోవుటకు ముందు వానిని కట్టిన చేతులను తలచుకొందము. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగరము, నిజామాబాదు జిల్లాలనుండి వేలకొలది మన బిడ్డలు అప్పుచేసి గల్ఫునకు పోయి, ఎండలో ఇటుకలు మోసి, తీగలు లాగి, చలువయంత్రములు బిగించిరి. దుబాయి, అబుదాబి మేడలలోని బుద్ధి యేదో, దానిని గోడలో అమర్చిన చెయ్యి తెలుగువానిది. ఆ చెయ్యి తిరిగి యింటికి వచ్చినప్పుడు దానికి ఇచ్చట పనిలేదు. విద్యుత్పని నేర్చి వచ్చినవాడు మరల కూలికి పోవుటయో, మరల విమానమెక్కుటయో జరుగుచున్నది. వానికి తెలిసిన విద్యను వాని యూరిలోనే వినియోగించుకొనలేని మనము స్వయంసమృద్ధిని గూర్చి ఎన్ని ఉపన్యాసములిచ్చిన నేమి?

ధనికదేశముల మాట యటుండనిండు. బీదదేశముల యనుభవము మనకు మరింత సన్నిహితము. బంగ్లాదేశమున 2003 మొదలు 2018 వరకు, తీగలు చేరని పల్లెలలో, 41 లక్షల యిండ్లకు చిన్న సూర్యఫలకమును, ఒక సీసపు బ్యాటరీని వాయిదాలమీద నిచ్చిరి. సుమారు 2 కోట్ల ప్రజలకు రాత్రి దీపము దొరకినది. ఏ మహాసంస్థయు పల్లెకు వచ్చి మేడ కట్టలేదు. పల్లె పల్లెకు ఒక పనివాడు తిరిగి వాయిదా వసూలుచేయుచు, బ్యాటరీలో నీరు పోయుచు ఆ యుద్యమమును నిలిపినాడు. మంచి యేర్పాటునకు పెద్ద మేడ అక్కరలేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

పాకిస్తానము నేర్పిన పాఠము వేరు. అచ్చట విద్యుత్తు ధర మోయరానిదయ్యెను, కోతలు తీరవయ్యెను. విసిగిన ప్రజలు ప్రభుత్వముకై చూడక తమ కప్పులమీద తామే ఫలకములు పరచుకొనిరి. 2024 ఒక్క సంవత్సరములో ఆ దేశము దిగుమతి చేసికొన్న ఫలకముల శక్తి సుమారు 17,000 మెగావాట్లు. మన తెలంగాణములో 2025 మార్చిలో విద్యుత్తు గిరాకీ మిక్కిలి హెచ్చిన దినమున పలికిన అంకెయు 17,000 దాటినంతయే! ఫలకముల వెంట లిథియము బ్యాటరీలును ఓడలలో దిగినవి. జనుల సాహసము మెచ్చదగినదే. కాని దాని వెనుక నొక నీడ కలదు. కలిగినవారు తీగలను వదలి తమ వెలుగును తాము దాచుకొనగా, తీగల ఖర్చు, పాత విద్యుత్కేంద్రములకు చెల్లింపవలసిన బాకీ, వదలిపోలేని బీదవారి బిల్లులమీద పడినది. చెరువు ఊరిది కాక ఇంటింటి తొట్టి యైనప్పుడు, తొట్టి లేనివాని గొంతు ఎండును. పేట్ బషీరాబాదు మేడలును, వాని వెనుక రేకుల యిండ్లును ఈ కథలో తమ భవిష్యత్తును చదువుకొనవచ్చును.

కావున మా యభిప్రాయమును సూటిగా చెప్పుచున్నాము. బ్యాటరీ వచ్చి తీరును. దానిని ఎవరును ఆపలేరు. 2010లో ఒక యూనిట్ దాచగల లిథియము బ్యాటరీకి 1,000 డాలర్లకు పైబడిన ధర, 2024లో 115 డాలర్లకు దిగినది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: అది ముందుగా మేడకు వచ్చునా, ఊరికి వచ్చునా? ఊరికే ముందు రావలెనని మేమనుచున్నాము. ఊరనగా ఊరి యుమ్మడి కట్టడములు: మసీదు, గుడి, చర్చి, బడి, మదరసా, గ్రంథాలయము, ప్రాథమిక వైద్యశాల. చీకటిలో జనులు చేరదగిన చోట్లు ఇవియే. చలువపెట్టెలో టీకామందు చెడకూడని చోటును ఇదియే.

ఇందు మసీదును మొదట చెప్పుటకు కారణము కలదు. ప్రపంచమున దాని దారి యిదివరకే తీయబడినది. ఇండోనేషియా రాజధాని జకార్తాలోని ఇస్తిక్లాల్ మసీదు కప్పుమీద 500కు పైగా సూర్యఫలకములు గలవు. 2022లో అంతర్జాతీయ ద్రవ్యసహాయక సంస్థ యేర్పరచిన ‘ఎడ్జ్’ అను హరితకట్టడ పరీక్షలో, ప్రపంచమునందలి ప్రార్థనాలయములలో నెల్ల మొట్టమొదట నెగ్గినది అదియే. ఇస్తిక్లాల్ అనగా స్వాతంత్ర్యము. ఆ మసీదునకు నమూనా గీసిన సిలబాను క్రైస్తవుడు. స్వాతంత్ర్యమను పేరు పెట్టుకొన్న కట్టడము తన వెలుగును తాను సంపాదించుకొనుటకంటె ఆ పేరునకు తగిన పని యింకేమి కలదు? మొరాకో ప్రభుత్వము 600 మసీదులలో విద్యుద్వ్యయమును తగ్గించు కార్యమును తలపెట్టి, దీపములు మార్చి, నీటిని సూర్యునిచే కాచి, ఫలకములు అమర్చుటకు పూనుకొన్నది. ఆ పనిద్వారా స్థానికులైన పనివారికి శిక్షణము నిచ్చుటయు అందలి యుద్దేశములలో నొకటి.

రెండవ కారణము మసీదు దినచర్యలోనే యున్నది. స్మార్ట్ భవనమునకు అత్యంత కష్టమైన పని రేపు తనకు ఎంత విద్యుత్తు వలయునో ముందుగా ఊహించుట. కార్యాలయమున అది అనిశ్చితము. ఇంటిలో మరింత అనిశ్చితము. మసీదులోనో? ఐదు వేళల నమాజులు సూర్యుని గమనముతో కట్టబడియున్నవి. జుహరు ఎండ నడినెత్తికి వచ్చిన పిదప. అసరు సాయంకాలమునకు ముందు. ఈ రెండింటికి ఫలకముల విద్యుత్తు నేరుగా చాలును. మగ్రిబు సూర్యాస్తమయమున; ఇషా రాత్రి; ఫజరు తెల్లవారుటకు ముందు; ఈ మూడింటికి బ్యాటరీ కావలెను. శుక్రవారము మధ్యాహ్నము జనసమ్మర్దము. రంజాను మాసమున రాత్రి తరావీహు. ఇదంతయు సంవత్సరమునకు సరిపడ పంచాంగమున ముందుగానే లెక్కింపబడియున్నది. సూర్యుని లెక్క, నమాజు లెక్క, బ్యాటరీ లెక్క, మూడును ఒక్క లెక్కయే! యంత్రబుద్ధి నేర్చుకొనుటకు ఇంతకంటె చక్కని బడి దొరకదు.

ఖర్చెంత యని యడుగువారికి చిన్న లెక్క చూపెదము. ఒక మోస్తరు మసీదులో 30 ఫ్యానులున్నవనుకొందము. పాత ఫ్యాను ఒక్కొక్కటి 75 వాట్లు తినును. మగ్రిబు మొదలు ఇషా ముగియువరకు రెండున్నర గంటలు తిరిగిన ఐదున్నర యూనిట్లకు పైగా వ్యయమగును. వానికి మారుగా 30 వాట్ల క్రొత్తరకపు ఫ్యానులను పెట్టిన అదే గాలికి రెండుంబావు యూనిట్లు చాలును. అనగా ఫ్యానులు మార్చినంతమాత్రమున బ్యాటరీ సగమునకు మించి చిన్నదగును. వజూకు కావలసిన నీటిని ఎండవేళ మోటారు వేసి మీది తొట్టిలో నింపుకొన్నచో రాత్రి మోటారుతో పనియే లేదు. ఇంటిమీది నీటితొట్టియే అన్నింటికంటె చౌకయైన బ్యాటరీ. 5 కిలోవాట్ల ఫలకములు మన ఎండలో దినమునకు సుమారు 20 యూనిట్లు ఇచ్చును. పగటి యవసరములు పోను, ఐదారు యూనిట్ల బ్యాటరీ నింపుకొని, మిగిలినది తీగలలోనికి పంపవచ్చును. మొదట పొదుపు, పిదప నిలువ: ఈ వరుస తప్పినవాడు చిల్లికుండలో నీరు పోసినట్లే. ప్రవహించు నది ఒడ్డున నున్నను వజూనీటిని వృథా చేయరాదని బోధించు మతమునకు ఈ మాట క్రొత్తగా చెప్పవలసినదేమున్నది?

ధనము ఎక్కడిదను ప్రశ్న వచ్చును. ఇచ్చటనే ముస్లిము సంఘముల సంప్రదాయము మనకొక గొప్ప యాలోచన నందించుచున్నది. అదియే వక్ఫు. తరువాతి కాలమున ఖలీఫా యైన ఉమరునకు ఖైబరులో భూమి లభింపగా, దాని నేమి చేయుదునని ప్రవక్తను అడిగెననియు, మూలమును కదల్పక ఫలమును బీదలకు పంచుమని ప్రవక్త సెలవిచ్చెననియు ప్రసిద్ధము. మూలము నిలుచును, ఫలము ప్రవహించును. బ్యాటరీ ధర్మమును ఇంతకంటె చక్కగా చెప్పిన నిర్వచనము మాకు కనబడదు! బావిని, సత్రమును, తోటను వక్ఫు చేసిన దాతల సంతతివారు, ఒక బడికి పది యూనిట్ల వెలుగును వక్ఫు చేయలేరా? హిందువులలో చలివేంద్రము పెట్టించువారు, అన్నసత్రమునకు మాన్యమిచ్చినవారు గుడి పక్కన నొక బ్యాటరీని ధర్మము చేయలేరా? బ్యాటరీ బావివలె శాశ్వతము కాదని యెవరైన అనవచ్చును. నిజమే, పది పదిహేనేండ్లకు దానిని మార్చవలెను. కావున తగ్గిన కరెంటు బిల్లులో ఏటేట కొంత వేరుగ నుంచిన, పాతది పోవునాటికి క్రొత్తదానికి సొమ్ము సిద్ధముగా నుండును. ఈ కట్టుబాటును దానపత్రములోనే వ్రాసికొనవలెను.

వడ్డీకి అప్పు తీయుట కిష్టపడని భక్తులకును మార్గమున్నది. వస్తువును తాను కొని, లాభము ముందుగా చెప్పి, వాయిదాలమీద అమ్ము మురాబహా. వస్తువును తనదిగా నుంచి అద్దెకిచ్చు ఇజారా. ఇవి పూర్వమునుండి వచ్చిన పద్ధతులు. మలేషియాలో 2017లో సూర్యవిద్యుత్కేంద్రమునకై తొలి హరిత సుకూకు పత్రములను విక్రయించిరి. మరుసటి యేట ఇండోనేషియా ప్రభుత్వమే 125 కోట్ల డాలర్లకు అట్టి పత్రములు జారీచేసినది. దేశములు చేసిన పనిని ఒక మహల్లా చిన్నయెత్తున చేయలేదనుట ధైర్యలోపమే.

ఇక భయములను గూర్చి. లిథియము బ్యాటరీ అంటుకొనునని పలువురు జంకుచున్నారు. ఆ భయము నిర్మూలము కాదు. విద్యుద్వాహనములు దగ్ధమైన వార్తలు మనము చదివితిమి. కాని లిథియమునందు జాతులు పెక్కు. ఇనుము, భాస్వరము కలిసిన లిథియము ఐరన్ ఫాస్ఫేటు జాతి వేడికి ఎక్కువగా ఓర్చుకొనును, వేలకొలది సార్లు నింపి ఖాళీచేసినను నిలుచును. కట్టడములకు అదియే తగినది. 1997లో అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయమున ఆ పదార్థపు గుణమును లోకమునకు ప్రకటించినవారు గుడినఫ్ పండితునితో కూడ పాధి, నంజుండస్వామి యను భారతీయులు. బ్యాటరీయందలి రెండవ ధ్రువమునకు గ్రాఫైటు పనికివచ్చునని చూపినవాడు మొరాకోలోని ఫెజ్ నగరమున జన్మించిన రషీద్ యాజామీ. ఆయనకు 2014లో గుడినఫ్ మొదలగువారితో పాటు డ్రేపరు బహుమానము లభించినది. ఈ విద్య ఏ యొక్క జాతి సొమ్మును కాదని ఇంతకంటె వేరుగా చెప్పనేల?

బ్యాటరీకి నిజమైన శత్రువు మన వేసవి. వేడి హెచ్చినకొలది దాని యాయువు తగ్గును. కప్పుమీద రేకుల గదిలో దానిని పెట్టుట దానిని చంపుటయే. నేలయంతస్తున, గాలియాడు చోట, నీరు చేరనియెత్తున, జనులు గుమిగూడు హాలునకు దూరముగా పెట్టవలెను. పాతబడిన సీసపు బ్యాటరీలను సందులలో పగులగొట్టి కాచుట పిల్లల రక్తములోనికి విషమును పోయుటయే. 2022నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు పాతవానిని తిరిగి తీసికొను బాధ్యతను తయారుచేయువారిపై పెట్టినవి. కొనునాడే ఆ మాటను కాగితముమీద వ్రాయించుకొనవలెను.

కడపటిది, మాకు మిక్కిలి ముఖ్యమైనది, స్వదేశీ ప్రశ్న. నేడు ప్రపంచములో తయారగు లిథియము బ్యాటరీలలో నాలుగింట మూడు పాళ్లకు పైగా చైనానుండి వచ్చుచున్నవి. చమురునకై ఒకరి గుమ్మమున నిలిచినవారము, రేపు బ్యాటరీకై మరియొకరి గుమ్మమున నిలువబోవుచున్నామా? మన చేతిలో నేమియు లేకపోలేదు. పేట్ బషీరాబాదునకు ఎంతో దూరము కాని శామీర్‌పేట మండలముననే, 1977లో స్థాపితమైన హైదరాబాదు సంస్థ హెచ్.బి.ఎల్. రైళ్లకు, విమానములకు, జలాంతర్గాములకు బ్యాటరీలు చేయుచు పెరిగినది. మహబూబునగరము చేరువ దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో లిథియము కణముల కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన చేసినది. బాలాపురములోని కేంద్రప్రభుత్వ పరిశోధనశాల ఎ.ఆర్.సి.ఐ.లో ఆ కణములకు వలయు లోహచూర్ణములమీద పరిశోధన జరుగుచున్నది. విద్యయు, కర్మాగారమును, ఎండయు, పనివాడును మన యింటనే యున్నప్పుడు, లేనిదేమి? కొనువాడు నిలుకడగా కొనునను నమ్మకము. ఉమ్మడి కట్టడములకు వేలకొలది చిన్న బ్యాటరీలు కావలెనని ప్రభుత్వము ముందుగా చాటినచో ఆ నమ్మకము కలుగును.

ప్రభుత్వము చేయవలసినది స్వల్పమే. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకమున ఇంటికి 78,000 రూపాయల వరకును, గృహసముదాయముల యుమ్మడి యవసరములకు కిలోవాటునకు 18,000 చొప్పునను సాయము దొరకుచున్నది. ఆ సాయము ఫలకముల లెక్కమీద నిచ్చునది. బడికిని, వైద్యశాలకును, ప్రార్థనాలయమునకును బ్యాటరీ లెక్కమీదను ఇయ్యవలెను. క్రొత్త మేడలకు అనుమతి నిచ్చునప్పుడే జనరేటరు గదికి మారుగా బ్యాటరీ గదిని కట్టవలెనని విధింపవలెను. సాయంకాలపు గిరాకీవేళ బ్యాటరీనుండి తీగలకు విద్యుత్తు నిచ్చినవారికి తగిన ప్రతిఫల మిచ్చి, వదలిపోలేని బీదవానిమీద తీగల భారము పడకుండ ధరలు కట్టవలెను. గల్ఫునుండి తిరిగివచ్చిన పనివారికి ఐటీఐలలో కొన్నినెలల శిక్షణ మిచ్చి, ఈ బ్యాటరీల కాపుదనమును వారి కప్పగింపవలెను. వారే మన నీరడులు.

ప్రజలు చేయవలసినది అంతకంటె స్వల్పము, అంతకంటె కష్టము: కలిసి కూర్చుండుట. మసీదు కమిటీయు, గుడి ధర్మకర్తలును, మేడల సంఘమువారును, రేకుల యిండ్ల పెద్దలును ఒక్క జంపఖానామీద కూర్చుండి, మన పేటలో చీకటి పడిన రాత్రి ముందుగా వెలుగవలసిన గది యేదని తేల్చుకొనవలెను. వెలుగును దాచుకొనుట పాపము కాదు. ఒక్కరే దాచుకొనుట పాపము. పూర్వులు ఊరి చెరువును కట్టినప్పుడు గట్టుమీద మట్టి మోసినవారందరు ఒక్క కులమువారు కారు, ఒక్క మతమువారు కారు. నీరు మాత్రము అందరి మళ్లకును పారినది. ఈ క్రొత్త చెరువునకు గట్టు వేయు దినము వచ్చినది. తట్ట పట్టుటకు ముందుగా నెవరు లేచెదరో చూతము.